మాంసం, పాలు, గుడ్లు మానిన ఆరు నెలలు: మా తిరుపతి వంటింట్లో కుదిరినవి, కుదరనివి

2025 సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం నుంచి మా ఇంట్లో మాంసం, గుడ్లు, పాలు మూడూ ఒకేసారి ఆగిపోయాయి. నిర్ణయం మా అమ్మాయిది. చదువు ముగించి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న ఆమెకు తన కారణాలు తనకున్నాయి, వాటి జోలికి ఇక్కడ పోను. ఉదయం ఎనిమిదిన్నరకల్లా బడికి బయలుదేరవలసిన నేను రెండు రకాల వంటలు చేయలేను గనుక ఆమెతో పాటు నేనూ మొదలుపెట్టాను. మావారు ఇంట్లో మేము వండింది తింటానని, బయట తన ఇష్టమని ఒప్పందం చేసుకున్నారు. అత్తయ్య మాత్రం ఏ ఒప్పందానికీ రాలేదు. జూలై చివరికి వచ్చేసరికి ఏది నిలిచిందో, ఏది మధ్యలోనే పోయిందో స్పష్టంగా తేలింది కనుక, ఇదే పనికి పూనుకోవాలనుకునే వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

తిరుపతిలో ఉంటూ దీనికేం కష్టమని చాలామంది అన్నారు. మాంసం సంగతి వరకు ఆ మాట నిజమే, అది లేని హోటళ్ళు ఇక్కడ వీధికొకటి ఉన్నాయి. కానీ శాకాహార హోటల్లోనే పాలు, నెయ్యి ఎక్కువగా ఎదురవుతాయి. పొంగలి నేతిలో మునిగి వస్తుంది, ఇడ్లీ మీద అడగకుండానే నెయ్యి వేస్తారు, దోసెకు వెన్న రాస్తారు, కుర్మాలో పెరుగో జీడిపప్పుతో పాటు మీగడో ఉంటుంది. మొదటి రోజుల్లో సప్లయర్‌ను నాలుగు ప్రశ్నలు అడిగేసరికి వెనక నిలబడిన వాళ్ళు విసుక్కునేవారు. తర్వాత ప్రశ్నలు మానేసి, "నెయ్యి లేకుండా ఇడ్లీ, పొడిలోకి నూనె" అని ఒక్క ముక్కలో చెప్పడం అలవాటు చేసుకున్నాము.

అంగడి సరుకుల్లో ఇంకో చిక్కు వచ్చింది. ప్యాకెట్టు మీద ఉండే ఆకుపచ్చ చుక్క పాలకు అడ్డు చెప్పదు, పాలపొడి వేసిన బిస్కెట్టుకూ అదే గుర్తు ఉంటుంది. గుడ్డు ఉంటే మాత్రం మాంసానికి వేసే గోధుమరంగు గుర్తు వేస్తారు కనుక గుడ్డును కనిపెట్టడం సులువు. పాల కోసం పదార్థాల జాబితా అంతా చదవవలసి వస్తుందని భయపడ్డాను గాని, జాబితా చివర అలర్జీ ఉన్నవారి కోసం "పాలు ఉన్నాయి" అని విడిగా వేసే వరుస ఒకటి ఉంటుంది, అది చూస్తే చాలు. పాల నుంచి తీసే వే పౌడరు, కేసినేట్ వంటి పేర్లు వేరేగా గుర్తు పెట్టుకోనక్కరలేదు. జంతు పదార్థం ఏదీ లేని సరుకుకు ఆకుపచ్చ 'వి' అక్షరం గుర్తు 2022లో వచ్చింది గాని, మా వీధి చివరి అంగట్లో ఆ గుర్తున్న ప్యాకెట్టు నాకు ఇంతవరకు కనిపించలేదు. రొట్టె, రస్కు, చాక్లెట్టు, చిప్స్ పొడుల్లో సైతం పాల ఘనపదార్థాలు ఉండటం చూసి మా అమ్మాయే ఆశ్చర్యపోయింది.

కాఫీతో పాట్లు మొదలయ్యాయి. బాదం పాలు, ఓట్స్ పాలు, సోయా పాలు మూడు రకాల డబ్బాలూ తెప్పించాము. బాదం డబ్బా లీటరు రెండు వందల ఎనభై రూపాయలైంది. పదార్థాల వరుసలో మొదటి పేరు నీళ్ళు, బాదం పప్పు ఉన్నది చాలా కొద్ది శాతం. మాంసకృత్తుల సంఖ్య చూస్తే నూరు మిల్లీలీటర్లకు ఒక గ్రాము కూడా లేదు, ఆవు పాలలో అది మూడు గ్రాములకు పైమాటే. ఓట్స్ పాలు కాఫీకి నిండుదనం ఇచ్చాయి గాని, చక్కెర వేయకుండానే తియ్యగా ఉండటం మావారికి నచ్చలేదు. బలానికి పాలతో ఇంచుమించు సమానంగా నిలిచేది సోయా ఒక్కటే. అదేమో వేడి డికాషన్‌లో పోయగానే విరిగిపోయింది. డికాషన్‌లోని పులుపూ వేడీ రెండూ కలిసి సోయా మాంసకృత్తులను ముద్ద కట్టిస్తాయి. పాలను విడిగా వెచ్చబెట్టి, డికాషన్‌ను కొంచెం చల్లారనిచ్చి, పాలలోకి దాన్ని సన్నగా పోస్తే విరగదు. గ్లాసు అంచున తేలిన తెల్లటి తునకలు చూసి అత్తయ్య, "ఈ కాఫీ తాగే బదులు ధనియాల కషాయం తాగొచ్చు గదమ్మే" అన్నారు. ఆమె అన్నది ఎగతాళికే అయినా, ఫిబ్రవరి నుంచి నేను సాయంత్రం కాఫీ మాని బెల్లం వేసిన ధనియాల కాఫీనే తాగుతున్నాను.

డబ్బా సోయా పాలు లీటరు నూట నలభై పడుతుంటే, కిలో సోయా గింజలు నూట ఇరవైకి దొరికాయి. కిలో గింజలతో ఏడెనిమిది లీటర్ల పాలు వస్తాయి. అందుచేత ఫిబ్రవరి రెండో వారం నుంచి ఇంట్లోనే తీయడం మొదలుపెట్టాను. నానిన గింజలను చన్నీళ్ళతో రుబ్బితే పచ్చి చిక్కుడు వాసన వస్తుంది, ఆ వాసన వచ్చాక ఎంత కాచినా పోదు. రాత్రంతా నానబెట్టిన గింజలను, చిటికెడు వంటసోడా వేసి మరుగుతున్న నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, కడిగి, పొట్టు తీసి, వేడి నీళ్ళతోనే రుబ్బాలి. పలుచటి పంచె గుడ్డలో వడగట్టి, ఆ పాలను కనీసం పదిహేను నిమిషాలు కలుపుతూ మరగబెట్టాలి. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, బాగా మరిగితేనే అది పోతుంది. ఆవు పాలకన్నా త్వరగా ఇవి పొంగుతాయి కనుక పెద్ద గిన్నె పెట్టుకోవాలి. గుడ్డలో మిగిలిన పిప్పిని అలసంద వడల పిండిలో కలుపుతున్నాను, ఎవరికీ తేడా తెలియలేదు.

పెరుగు దగ్గర మాత్రం నేను నిజంగా దిగులు పడ్డాను. మాంసం లేకపోవడం నాకు ఆదివారం మాత్రమే గుర్తొచ్చేది, పెరుగు లేని లోటు ప్రతి పూటా చివరి ముద్దకు వచ్చేసరికి తెలిసేది. రసంతో భోజనం ముగించి లేచిన రోజున కడుపు నిండినా భోజనం కానట్టే ఉండేది, ఒకటి రెండు రాత్రులు ఆ వెలితికి నిద్ర కూడా సరిగా పట్టలేదు. సోయా పాలతో తోడుపెట్టిన పెరుగు గట్టిగానే తోడుకుంది, కానీ అన్నంలో కలిపితే వెనక నుంచి చిక్కుడు రుచి తగిలింది. కొబ్బరి పాలతో చేసినది తియ్యగా, నూనెగా ఉండి ఆవకాయకు పొసగలేదు. చివరికి మా జిల్లా పంటే ఆదుకుంది.

వేరుశనగ గింజలు ఒక గ్లాసు తీసుకుని, ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన ఉన్నవి ఒక్కటి కూడా లేకుండా ఏరాలి. బూజు పట్టిన గింజలో చేరే అఫ్లటాక్సిన్ అనే విషం కాచినా పోదు కనుక ఈ ఏరడం చాదస్తం కాదు. ఆరు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడున్నర గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి వడగట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు అడుగంటకుండా కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలే వరకు చల్లార్చాలి. పాల పెరుగు తోడు వేయకూడదు గనుక మొదటి తోడుకు పచ్చిమిరపకాయల తొడిమలు వాడాము. ఏడెనిమిది తొడిమలు వేసిన చిన్న గిన్నె జనవరి చలికి మరునాడు మధ్యాహ్నానికి గాని తోడుకోలేదు, తోడుకున్నది కూడా కాస్త కారపు వాసన వేసింది. అది తినేందుకు కాదు, దానితో వేసిన రెండో గిన్నె బాగుంటుంది, మూడోది ఇంకా బాగుంటుంది. మొదట్లో పైన గట్టిగా కట్టి అడుగున నీళ్ళు తేరేవి. కాచేటప్పుడు చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోయడం మొదలుపెట్టాక గరిటె దిగితే గుంట నిలిచేలా తోడుకుంది. మార్చి తర్వాత తిరుపతి ఎండలకు నాలుగైదు గంటల్లోనే తయారై, ఫ్రిజ్‌లో పెట్టకపోతే సాయంత్రానికి పుల్లబడిపోయేది.

రుచి విషయంలో నిజం చెప్పాలంటే, ఉత్తగా తింటే అది వేరుశనగ పెరుగని ఎవరికైనా తెలుస్తుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆవాల తిరగమోతతో పెరుగన్నం చేస్తే తెలియదు. మజ్జిగ పులుసుకు శనగపిండి కలిపితే విరగకుండా నిలిచింది. మిరపకాయ ఊరగాయతో మొదటిసారి నేను ఆ పెరుగన్నం తిన్న రోజు ఫిబ్రవరి పంతొమ్మిది. తేదీ గుర్తుంది, ఆ రాత్రే నేను ఈ పద్ధతి కొనసాగించగలనని నాకు నమ్మకం కలిగింది.

అయితే ఆ పెరుగు సంగతి మా తమ్ముడికి చెప్పడం వంటకన్నా కష్టమైంది. మాది పలమనేరు వైపు పల్లె. పుట్టింట్లో ఇప్పటికీ ఆవులున్నాయి, తెల్లవారుజామునే తమ్ముడు పాలు పితికి కేంద్రంలో పోస్తాడు, నా బి.ఎడ్. ఫీజు కట్టింది ఆ పాల డబ్బుతోనే. మార్చిలో వాడు వస్తూ ఎప్పటిలాగే క్యాను నిండా పాలు తెచ్చాడు. విషయం విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాలు పోసే ఇంటి ఆడబిడ్డవి, చెనిక్కాయల పెరుగు తింటావా అక్కా" అన్నాడు. కోపం కాదు, నొచ్చుకున్నాడు. మా అమ్మాయి వాడికి తన వాదన వివరించబోతే నేనే ఆపాను. ఆ ఇంటి బతుకుతెరువు మీద ఆ ఇంటి మనిషికి పాఠం చెప్పడం నాకు సరిగా అనిపించలేదు. పాలు అత్తయ్యకు కాచి ఇచ్చాను, మిగిలినవి పక్కింటికి పంపాను. ఇప్పుడు వాడు వచ్చేటప్పుడు పాలకు బదులు కొత్త పంట వేరుశనగ గింజలు తెస్తున్నాడు, ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

నెయ్యి మానడం నేను ఊహించినంత బాధ పెట్టలేదు. ఇడ్లీ పొడికి నువ్వుల నూనె, సంగటి మీదికి గానుగ వేరుశనగ నూనె సరిపోయాయి. పనీరుకు బదులు కొన్న టోఫు, అంటే సోయా పాలు విరగగొట్టి చేసే గడ్డ, రెండు వందల గ్రాములు ఎనభై రూపాయలు. నీళ్ళు పిండకుండా కూరలో వేస్తే చప్పగా ఉంటుంది, రెండు పలకల మధ్య బరువు పెట్టి అరగంట ఉంచి, ఉప్పు కారం పట్టించి పెనం మీద ఎర్రగా కాల్చాకే కూరలో వేయాలి. సోయా పాలలో నిమ్మరసం పిండి ఇంట్లో చేసినది ముక్కలుగా నిలవలేదు గాని ఉల్లిపాయలతో పొడికూరకు బాగా పనికొచ్చింది.

ఇక మాంసం. ఏప్రిల్‌లో మా అమ్మాయి అచ్చం కోడి ముక్కల్లాగే ఉంటాయన్న గడ్డకట్టించిన సరుకును ఆన్‌లైన్‌లో తెప్పించింది. మూడు వందల గ్రాములకు మూడు వందల అరవై రూపాయలు, పంపించే ఖర్చు వేరు. రెండు రోజుల్లో రావలసిన పెట్టె ఐదో రోజు మధ్యాహ్నం వచ్చింది. లోపలి మంచు సంచులు గోరువెచ్చని నీళ్ళ సంచులై ఉన్నాయి, అట్ట మెత్తబడి చేతిలోనే చిరిగింది. ఫొటోలు పంపి, రెండుసార్లు ఫోను చేసి, పదిహేను రోజులు వేచి చూశాక డబ్బు తిరిగి వచ్చింది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో ఉండవలసిన సరుకును రాయలసీమ వేసవిలో కొరియరులో తెప్పించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తర్వాత సూపర్ మార్కెట్టు ఫ్రీజరు నుంచి వేరొకటి కొన్నాము. వేయించి నిమ్మకాయ పిండుకుంటే సాయంత్రం చిరుతిండిగా బాగుంది, పులుసులో వేసి ఉడికించేసరికి పిండి ముద్దలా విడిపోయింది. ఉప్పు కూడా ఎక్కువ. మాంసంలా కనిపించాలన్న తాపత్రయంతో చేసిన వస్తువులన్నిటిలోనూ ఇదే జరిగింది. అవి ఒక్క వంటకానికే పనికొస్తాయి, మన పులుసులకు తట్టుకోవు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతిలో జాతర వారమంటే బంధువులు, వేట మాంసం, సంగటి, అంబలి. ఇల్లు నిండా మనుషులున్నప్పుడు మా నియమాలు వాళ్ళ నెత్తిన రుద్దలేము. అత్తయ్య పెరట్లో పొయ్యి పెట్టి మాంసం తానే వండుతానన్నారు. నేను లోపల మీల్ మేకరుతోనూ, లేత పనసకాయతోనూ రెండు పులుసులు చేశాను. మా వైపు పనసకాయ కూర అలవాటు తక్కువ, గోదావరి జిల్లాల వారిలా పొట్టు కొట్టడం నాకు చేతకాదు. అందుకే చేతులకు నూనె రాసుకుని పెద్ద ముక్కలే కోసి, పసుపు ఉప్పు వేసి సగం ఉడికించాను. ధనియాలు, మిరియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్క లవంగాలు వేయించి నూరిన మసాలా నాటుకోడికి ఎలా చేస్తామో అలాగే చేశాను. తేడా వచ్చింది నూనె దగ్గర. కోడి పులుసుకు కొవ్వు కోడి నుంచే వస్తుంది. ఈ ముక్కల్లో అది లేదు కనుక వేరుశనగ నూనె ఒక గరిటె ఎక్కువ పోసి, నూరిన కొబ్బరి ముద్ద పెంచితే గాని పులుసు సంగటికి అంటుకోలేదు.

మీల్ మేకరు వాసన గురించి అందరూ అడుగుతారు. ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి గట్టిగా పిండి, చన్నీళ్ళలో మళ్ళీ కడిగి పిండి, ఉల్లిపాయ వేగే నూనెలోనే ముందు ఎర్రగా వేయించితే వాసన ఉండదు. పిండడంలో బద్ధకిస్తే మసాలా లోపలికి ఎక్కదు. ఎండు మీల్ మేకరులో సగం బరువు మాంసకృత్తులే. పనసకాయ నోటికి పీచుపీచుగా మాంసాన్ని తలపిస్తుంది గాని బలంలో దానికి దరిదాపుల్లో లేదు. ఈ తేడా తెలియక ఫిబ్రవరి నుంచి పనసకాయ, పుట్టగొడుగులే తింటూ నీరసపడిన వాళ్ళు మా కాలనీలోనే ఉన్నారు. జాతర రోజున మా పెద్దమామయ్య మాంసంతో పాటు మీల్ మేకరు పులుసు కూడా మారు వేయించుకున్నారు, పనసకాయను మాత్రం ఆకు పక్కకు తోసేశారు.

గుడ్ల విషయం తొందరగానే తెమిలింది. శనగపిండిలో ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి అట్టు పోసి, దించాక నల్ల ఉప్పు చల్లితే అందులోని గంధకపు వాసన వల్ల ఆమ్లెట్టు అనిపిస్తుంది. నల్ల ఉప్పు ముందే వేస్తే వాసన ఎగిరిపోతుంది. కేకుకు చెంచాడు అవిసె గింజల పొడి మూడు చెంచాల నీళ్ళలో పది నిమిషాలు నాననిస్తే జిగురుగా మారి ఒక గుడ్డు పని చేస్తుంది, అయితే రెండు మూడు గుడ్లకన్నా ఎక్కువ పట్టే కేకులకు అది చాలదు. ఉడికించిన గుడ్డుకు ప్రత్యామ్నాయం వెతకడం మానేసి, ఆ సమయంలో శనగ గుగ్గిళ్ళు తింటున్నాము.

రక్త పరీక్ష ముందే చేయించుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. జనవరి 27న ఇద్దరికీ రక్తంలో బి12 విటమిన్ ఎంతుందో చూపించాము, మనిషికి ఎనిమిది వందల యాభై రూపాయలు, ఫలితం మరునాడు సాయంత్రం వచ్చింది. అప్పటికి పాలు మాని వారం కూడా కాలేదు, అయినా అమ్మాయికి 186, నాకు 231 ఉన్నాయి, ఆ ల్యాబు కనీస హద్దు 200. ఇన్నేళ్ళు పాలు, పెరుగు తింటూ ఉన్నా ఇంతేనా అని నాకు నిజంగా భయమేసింది. మొక్కల ఆహారంలో నమ్మదగిన బి12 ఉండదని, బలవర్ధకం చేసిన ఆహారమో మాత్రలో తప్పనిసరని డాక్టరుగారు చెప్పి, అమ్మాయికి రోజూ, నాకు వారానికి మూడు మాత్రలు రాశారు. మాకు రాసిన మోతాదు మాది, ఎవరికి వారు పరీక్షను బట్టి అడగాలి. డి విటమిన్ మందు కొనేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మామూలుగా దొరికే డి3 గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారట, పైగా చాలా క్యాప్సూళ్ళ తొడుగు జంతువుల జెలటిన్. మొక్కల రకం తెప్పించేందుకు మందుల షాపతనికి తొమ్మిది రోజులు పట్టింది, ధర రెట్టింపు. కాల్షియం గురించి మాత్రం మా ప్రాంతపు తిండి పుణ్యమా అని దిగులు పడలేదు, నూరు గ్రాముల రాగుల్లో సుమారు మూడు వందల యాభై మిల్లీగ్రాములు ఉంటుంది, సంగటి మా ఇంట్లో రోజూ ఉండేదే. మే నెలాఖరు పరీక్షలో అమ్మాయికి 410, నాకు 388 వచ్చాయి. మాత్రల మోతాదు సగానికి తగ్గించారు.

కొండ మీది లడ్డు సంగతి చాలామంది అడిగారు. అది నేతి లడ్డు. జూన్‌లో పక్కింటివారు దర్శనం చేసుకుని వచ్చి ప్రసాదం పెట్టారు. మా అమ్మాయి కళ్ళకద్దుకుని అవ్వ చేతిలో పెట్టింది. నేను తిన్నాను. ప్రసాదం విషయంలో నాకు నియమం లేదు, ఆమె కూడా నన్నేమీ అనలేదు. ఇలాంటి చోట ఎవరి హద్దు వారు ముందే మాట్లాడుకుని ఉంచుకోకపోతే వంటింటికన్నా పెద్ద గొడవ అవుతుంది.

ఖర్చు లెక్క ఇలా తేలింది. ఇంతకుముందు నెలకు పాలకు, పెరుగుకు, నెయ్యికి కలిపి మూడు వేల ఆరు వందలు, మాంసం, గుడ్లకు రెండు వేల నాలుగు వందలు అయ్యేది. ఫిబ్రవరిలో డబ్బా పాలు, ప్యాకెట్టు సరుకుల మీద ఏడు వేలు దాటింది, అదే పద్ధతిలో ఉంటే మేము మార్చిలోనే మానేసి ఉండేవాళ్ళం. ఇప్పుడు సోయా గింజలు, వేరుశనగ, మీల్ మేకరు, పప్పులు, టోఫు, మాత్రలు అన్నీ కలిపి మూడు వేల రెండు వందల్లో తేలుతోంది. డబ్బా పాలల్లో ఇప్పటికీ కొంటున్నవి వచ్చిపోయే వారి కాఫీ కోసం నెలకు రెండు డబ్బాల ఓట్స్ పాలు మాత్రమే. డబ్బు తగ్గిన చోట శ్రమ పెరిగింది. నానబెట్టడం, రుబ్బడం, వడగట్టడానికి ఆదివారం ఉదయం రెండు గంటలు, వారం మధ్యలో ఇంకో గంట పోతున్నాయి, ఆ పనిలో సగం అమ్మాయి పంచుకుంటేనే సాగుతోంది. చీజ్‌కు సరైన ప్రత్యామ్నాయం మాకు దొరకలేదు, కొన్న రెండు రకాలూ కరగకుండా సాగకుండా నూనె కక్కాయి, దానితో పిజ్జా మానేశాము. అత్తయ్యకోసం అర లీటరు పాల ప్యాకెట్టు మాత్రం రోజూ వస్తూనే ఉంది, దాని ఖర్చు ఈ లెక్కలో కలపలేదు.